అరిగే మెరుపు

కోటి రూపాయలు పోసి కారు కొన్నవాళ్లు దాని రంగు నిగనిగలాడుతూ ఉండాలని కోరుకోవడంలో తప్పేమీ లేదు. కానీ ఆ నిగనిగ కోసం మూణ్ణెల్లకోసారి పాలిష్ చేయిస్తున్నారంటే, ఆ బండి మీద మళ్లీ దొరకని ఒక పొరని డబ్బిచ్చి మరీ గీకించుకుంటున్నారని నా వాదన. పాలిష్, వ్యాక్స్ అనేవి సర్వీసు సెంటర్ బిల్లులో ఎప్పుడూ జంటగానే కనిపిస్తాయి. అందువల్ల అవి ఒకే పనిలోని రెండు అంచెలని చాలామంది అనుకుంటారు. నిజానికి రెండూ ఎదురెదురు పనులు. పాలిష్ ఉన్న పూతలోంచి కొంత తీసేస్తుంది, వ్యాక్స్ ఆ పూత మీద పల్చగా ఇంకో పొర వేస్తుంది. మొదటిది ఒక కారు జీవితంలో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని సార్లే సాధ్యం. రెండోది నెలనెలా చేసినా నష్టం లేదు. మనవాళ్లు మాత్రం మొదటిదాన్ని ధారాళంగా చేయించి, రెండోదాన్ని మొక్కుబడిగా ముగిస్తారు.

ముందు ఆ పూత ఎంత మందమో చూద్దాం. ఫ్యాక్టరీలో కారు బాడీని ప్రైమర్ తొట్టిలో ముంచి, కరెంటు ప్రవహింపజేసి, తుప్పు పట్టనివ్వని తొలి పొర అంటుకునేలా చేస్తారు. దాని మీద మరో ప్రైమర్, దాని మీద అసలు రంగు, రంగు మీద క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర వస్తాయి. మామూలుగా ఇవన్నీ కలిసి 100 నుంచి 150 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అందులో క్లియర్ కోట్ వాటా 40, 50 మైక్రాన్లకు అటూ ఇటూగా ఉంటుంది. మనిషి తలవెంట్రుకే సుమారు 70 మైక్రాన్లు. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే రసాయనాలు కలిపేది ఈ పొరలోనే, కాబట్టి ఇది పల్చబడిన మేరకు కింది రంగుకి రక్షణ తగ్గుతుంది. ఏళ్ల తరబడి ఎండలో నిలబడ్డ బండ్ల టాపు మీదా బానెట్ మీదా పూత తెల్లగా పొలుసులు లేవడం మీరు చూసే ఉంటారు. క్లియర్ కోట్ కథ ముగిసిందనడానికి గుర్తు అదే. మళ్లీ వేయించుకుంటే పోలేదా అనవచ్చు. ఫ్యాక్టరీలో సీట్లూ వైర్లూ బిగించకముందే ఉత్త బాడీని సుమారు 140 డిగ్రీల వేడిలో కాలుస్తారు. పూర్తయిన కారుని అంత వేడిలో పెడితే ప్లాస్టిక్ భాగాలూ ఎలక్ట్రానిక్ సరంజామా మిగలవు, అందుకని పెయింటింగ్ షాపులో 60 డిగ్రీల దగ్గర ఆరే వేరే రసాయనం వాడతారు. పనివాడు ఎంత నేర్పరి అయినా, షాపులో వేసింది ఫ్యాక్టరీ పూత కాదు.

ఇక మెరుపు సంగతి. మెరుపు అనేది పైన పూసే వస్తువు కాదు, ఉపరితలం నునుపుగా ఉన్నప్పుడు వెలుగు చెదరకుండా తిరిగి రావడమే మెరుపు. నల్ల కారు తలుపులో ఎదురుగా ఉన్న వేపచెట్టు ఆకులతో సహా కనిపిస్తోందంటే పూత నునుపుగా ఉన్నట్టు. అదే కారుని రాత్రి పెట్రోలు బంకులో తెల్లటి దీపం కింద నిలబెట్టి బానెట్ వైపు వంగి చూడండి. దీపం ప్రతిబింబం చుట్టూ వందలాది సన్నని గీతలు వలయాలు తిరిగి కనిపిస్తాయి. అవి నిజంగా గుండ్రటి గీతలు కావు. పూత మీద అన్ని దిక్కులకూ అడ్డదిడ్డంగా ఉన్న గీతల్లో, వెలుగుకి అడ్డంగా పడినవి మాత్రమే దాన్ని మన కంటివైపు తిప్పి పంపుతాయి కాబట్టి అలా వలయాలుగా తోస్తాయి. మీరు తల జరిపితే వలయాలు కూడా మీతోపాటే జరుగుతాయి. నల్ల రంగు లోపలికి వెళ్లిన వెలుగునంతా మింగేస్తుంది, అందువల్ల పైన గీత చెదరగొట్టిన కాస్త వెలుగూ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తెల్ల కారు మీద అన్ని గీతలూ ఉంటాయి గానీ కంటికి ఆనవు. మన ఎండలకీ మన దుమ్ముకీ తెల్ల కారు కొనేవాళ్లు, తెలిసో తెలియకో, చాలా పాలిష్ ఖర్చు తప్పించుకుంటున్నారు.

ఈ గీతలు రోడ్డు మీద ప్రయాణంలో పడ్డవి కావు, మనం శుభ్రం చేసేటప్పుడు పడ్డవి. ఏ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకైనా తెల్లవారుజామున దిగి చూడండి. ఒక చిన్న బకెట్, అందులో సగం నీళ్లు, ఒక పాత గుడ్డ. ముందు పొడిగుడ్డతో బండంతా దులుపుతారు, తర్వాత గుడ్డ తడిపి తుడుస్తారు. అదే బకెట్‌లో ముంచి, పిండి, పక్క బండి మొదలుపెడతారు. పదో కారు దగ్గరికి వచ్చేసరికి ఆ నీళ్లు మట్టిరంగుకి తిరుగుతాయి. చక్రాలు తుడిచిన గుడ్డే బానెట్ మీదికి వస్తుంది. మన రోడ్ల దుమ్ములో, ముఖ్యంగా ఎప్పుడూ ఏదో ఒక కట్టడం లేస్తూ ఉండే హైదరాబాద్ లాంటి నగరంలో, ఇసుక పాలు ఎక్కువ. ఇసుకలో ఉండే క్వార్ట్జ్‌కి, ఖనిజాల కాఠిన్యం కొలిచే మోస్ స్కేలు మీద 7. గాజునే గీరగలిగిన ఆ రేణువుకి క్లియర్ కోట్ ఏపాటి? గుడ్డకీ పూతకీ మధ్య ఇరుక్కున్న ప్రతి రేణువూ ఒక గీత గీస్తుంది. రోజుకోసారి చొప్పున, ఏడాది పొడుగునా. ఆ పైన బోరు నీళ్లు. కాల్షియం, మెగ్నీషియం లవణాలున్న ఆ నీళ్లు ఎండలో ఆరిపోతే సుద్దమరకలు మిగులుతాయి, వాటిని వదిలించడానికి ఇంకాస్త గట్టిగా రుద్దుతారు. ఈ తప్పు తుడిచే మనిషిది అనడం అన్యాయం. నెలకు బండికి కొన్ని వందలిచ్చి, రోజూ మెరవాలని చెప్పి, గుడ్డ కూడా అతన్నే తెచ్చుకోమన్న యజమానిది.

గీతలు పడ్డాక పాలిష్ చేసే పని ఏమిటో ఇప్పుడు చూద్దాం. గీతని పాలిష్ పూడ్చదు. గీత అడుగు దాకా చుట్టూ ఉన్న పూతనంతా అరగదీసి, పల్లాన్ని మిట్టతో సమానం చేస్తుంది. కాంపౌండ్‌లోనూ పాలిష్‌లోనూ ఉండేది సన్నటి అల్యూమినియం ఆక్సైడ్ లాంటి రాపిడి పొడి. రేణువు పెద్దదైతే కాంపౌండ్, చిన్నదైతే పాలిష్. ముతక కాంపౌండ్‌తో ఒక విడత గట్టిగా పనిచేస్తే కొన్ని మైక్రాన్లు పోతాయి, చివర్లో వేసే సన్న పాలిష్‌తో ఒకటో అంతకన్నా తక్కువో పోతుంది. 40 మైక్రాన్లలో మూడో నాలుగో పోతే ఏమవుతుందని తేలిగ్గా తీసుకోకూడదు. అతినీలలోహిత రక్షణ నిలవాలంటే ఆ 40లో ఎక్కువ భాగం మిగిలే ఉండాలి, అరగదీయడానికి దొరికేది దాని పైభాగంలోని కాస్తే. పైగా పూత అంతటా ఒకే మందంలో ఉండదు. తలుపు అంచుల దగ్గర, బానెట్ మీద మడతలు తేలిన చోట అసలే పల్చన. సరిగ్గా అక్కడే మెషిన్ ప్యాడ్ ఒత్తిడంతా పడుతుంది. ఒకే ఇరుసు మీద గిర్రున తిరిగే రోటరీ మెషిన్‌ని అనుభవం లేని చెయ్యి అంచు మీద రెండు క్షణాలు నిలిపితే చాలు, వేడికి పూత కాలి కింద ప్రైమర్ బయటపడుతుంది. తిరుగుతూనే అటూ ఇటూ ఊగే డ్యూయల్ యాక్షన్ మెషిన్లు ఈ ప్రమాదాన్ని బాగా తగ్గించాయి. పాలిష్ చేయించక తప్పనప్పుడు షాపువాళ్లని అడగాల్సిన మొదటి ప్రశ్న ఏ కంపెనీ పాలిష్ వాడతారని కాదు, పూత మందం కొలిచే మీటరు ఉందా అని. ఆ మీటరు ఉక్కు మీద అయస్కాంత ప్రభావంతో, అల్యూమినియం బాడీ మీద ఎడ్డీ కరెంట్‌తో పనిచేస్తుంది. మామూలు మీటరు అన్ని పొరల మొత్తాన్నే చూపిస్తుంది గానీ క్లియర్ కోట్ ఒక్కదాన్నే విడదీసి చూపించదు. అందుకే మంచి పనివాడు అంకె చూసి ధైర్యపడడు, జాగ్రత్తపడతాడు.

ఇంత నష్టముంటే తరచూ పాలిష్ చేయించే అలవాటు మనకు ఎక్కడి నుంచి వచ్చింది? ఒకప్పుడు అది నిజంగానే అవసరం. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్లినవాళ్లకి అక్కడి పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ గుర్తుండే ఉంటుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1911లో ఆర్డర్ చేసిన బండి అది. ఆ కాలంలో కార్లకీ గుర్రపు బగ్గీలకి వేసినట్టే కుంచెతో రంగూ వార్నిషూ పొర మీద పొర వేసి, నూరి, ఆరబెట్టేవారు. పని ముగియడానికి వారాలు పట్టేది. 1920ల్లో డ్యూపాంట్, జనరల్ మోటార్స్ కంపెనీలు డ్యూకో అనే నైట్రోసెల్యులోజ్ లక్కరుని తెచ్చాక ఆరే సమయం వారాల నుంచి గంటలకు దిగింది. మన చెక్క సామాను పెయింటర్లు ఇప్పటికీ డ్యూకో అనేది ఆ పేరునే. అయితే ఆ లక్కర్లకీ తర్వాత వచ్చిన ఎనామిళ్లకీ పైన క్లియర్ కోట్ లేదు. ఎండకి రంగే పైన సున్నంలా పొడిబారి వెలిసిపోయేది. కాంపౌండ్ పెట్టి రుద్దితే ఆ వెలిసిన పొర పోయి అడుగున ఉన్న తాజా రంగు పైకి వచ్చేది, గుడ్డకి బండి రంగు అంటుకునేది. మన దగ్గర అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లను తళతళలాడించిన డ్రైవర్లు నేర్చిన విద్య అదే. అది ఇత్తడి తోమడం లాంటిది. చింతపండు పెట్టి తోమిన ఇత్తడి చెంబుకి అడుగున కూడా ఇత్తడే ఉంటుంది, ఎంత తోమినా చెంబుకి వచ్చిన లోటు లేదు. 1980ల నుంచి కార్ల మీద క్లియర్ కోట్ మామూలైపోయింది. కింది రంగు వెలిసిపోవడం బాగా తగ్గింది, తోమితే బయటపడే తాజా పొర అంటూ లేకుండా పోయింది. విద్య మాత్రం పాతదే మిగిలింది.

మా కారు మామూలు కారు కాదు కదా, దాని పూత గట్టిది కాదా అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఇంగ్లండ్‌లో గుడ్‌వుడ్ ఫ్యాక్టరీలో రోల్స్ రాయిస్ కార్ల పక్కభాగం పొడవునా సాగే సన్నని గీతను యంత్రంతో కాకుండా ఉడుత వెంట్రుకల కుంచెతో, చేత్తో గీస్తారు. ఆ పని ఏళ్ల తరబడి చేసిన పెయింటర్ మార్క్ కోర్ట్ పేరు కారు ప్రేమికులందరికీ తెలుసు. ఆ చేతికి దండం పెట్టాల్సిందే. కానీ ఆ గీత పక్కనున్న క్లియర్ కోట్‌ని ఇసుక రేణువు కారు ధర చూసి గీయకుండా వదలదు. మెర్సిడెస్ బెంజ్ 2003 చివర్లో అతి సూక్ష్మమైన సిరామిక్ రేణువులు కలిపిన క్లియర్ కోట్‌ని తన కార్లకు వెయ్యడం మొదలుపెట్టింది. గీతలను తట్టుకునే శక్తి బాగా పెరుగుతుందని చెప్పింది. నేను దీన్ని మరో రకంగా చదువుతాను. మెకానికల్ కార్ వాష్ బ్రష్షుల వల్ల పడే గీతలు ఎంత పెద్ద సమస్య కాకపోతే అంత పెద్ద కంపెనీ అన్నేళ్లు దాని మీద పరిశోధన చేస్తుంది? గట్టి పూతతో ఇంకో చిక్కుంది. దాని మీద గీత ఆలస్యంగా పడుతుంది, కానీ పడ్డ గీతను తీయడానికి ముతక కాంపౌండూ ఎక్కువ సేపూ కావాలి. ఇక బీఎండబ్ల్యూ ఫ్రోజెన్, మెర్సిడెస్ మాగ్నో లాంటి మ్యాట్ రంగులకు పాలిష్ మాటే ఎత్తకూడదు. రుద్దిన చోటల్లా మెరిసే మచ్చ పడుతుంది, దాన్ని పోగొట్టాలంటే ఆ భాగమంతా మళ్లీ పెయింట్ చెయ్యాలి. మామూలు వ్యాక్స్ కూడా వాటికి పనికిరాదు.

వ్యాక్స్ గుణం వేరు. పేరున్న కార్ వ్యాక్సుల్లో ప్రధానమైన కార్నోబా మైనం ఈశాన్య బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి వస్తుంది. అక్కడి ఎండలకి ఆకులోని తేమ ఆరిపోకుండా చెట్టు తనకు తానే పూసుకునే పూత అది. ఆకులు కోసి, ఎండబెట్టి, దులిపి, రాలిన పొడిని కరిగిస్తారు. ప్రకృతిలో దొరికే మైనాల్లో ఇంత గట్టిది అరుదు, కరగాలంటే 80 డిగ్రీలు దాటాలి. చాక్లెట్ గోళీలకూ మందు బిళ్లలకూ పైన ఉండే నిగారింపు చాలాసార్లు దీనిదే. మరీ గట్టిది కాబట్టి నూనెలూ ఇతర మైనాలూ ద్రావకాలూ కలిపి పూయడానికి వీలుగా చేస్తారు. ఆ మిశ్రమం విజయవాడ, రామగుండం ఎండల్లో నెలో రెండు నెలలో నిలిస్తే గొప్ప. ఊడిపోతుంది కదా, దండగ కదా అంటే, ఊడిపోవడమే దాని ఉద్యోగం. పిట్ట రెట్ట, చెట్టు జిగురు, సుద్దనీళ్లు ముందు దాన్ని తింటాయి, పూత జోలికి రావడానికి ఇంకొంత సమయం పడుతుంది. ముఖ్యంగా రెట్ట. ఎండకి మెత్తబడిన పూత మీద అది ఎండి గట్టిపడి, సాయంత్రం చల్లబడేసరికి అచ్చు వదిలిపోతుంది. వ్యాక్స్ ఉన్న పూత మీది రెట్టని తడిగుడ్డ కాసేపు కప్పి ఉంచి ఒత్తకుండా ఎత్తేయవచ్చు. వ్యాక్స్‌ని నీడలో, బానెట్ చేతికి చల్లగా తగిలేటప్పుడు, వీలైనంత పల్చగా పూయాలి. దళసరిగా పూస్తే ఎక్కువ మెరుస్తుందనేది భ్రమ, ఎక్కువైనదంతా తుడిచే గుడ్డకే పోతుంది. ఇంకొకటి, నీటి బొట్లు ముత్యాల్లా నిలబడడం వ్యాక్స్ ఉందనడానికి గుర్తే గానీ కింద గీతలు లేవనడానికి కాదు.

సిరామిక్ కోటింగ్ వచ్చాక ఈ గొడవంతా ఎందుకని అడిగేవాళ్లున్నారు. సిలికా ఆధారంగా తయారైన ఆ కోటింగ్ మైనంకన్నా చాలా కాలం నిలుస్తుంది, సరిగ్గా వేస్తే రెండు మూడేళ్లు. నేను దానికి వ్యతిరేకిని కాను. కానీ ప్రకటనల్లో రాసే 9హెచ్ అన్నది పెన్సిళ్లతో గీసి చూసే పరీక్షలోని అంకె, ఖనిజాల కాఠిన్యం కొలిచే మోస్ స్కేలు 9 కాదు. వజ్రానికి ఒక్క మెట్టు కింద అని కొనేవాళ్లు అనుకుంటే అమ్మేవాళ్లు సరిదిద్దరు. ఒకటి రెండు మైక్రాన్ల ఆ పొర రాయి దెబ్బని ఆపలేదు, ఇసుక గుడ్డతో తుడిస్తే దాని మీదా గీతలు పడతాయి. పైగా కోటింగ్ వేసే ముందు షాపువాళ్లు తప్పనిసరిగా చేసేది పాలిష్. ఏటా కోటింగ్ మార్పించేవాళ్లు ఏటా పూత అరగదీయించుకుంటున్నట్టే.

మరి రంగు ఉన్నది చూడ్డానికి కాదా, గీతలు పడ్డ కారుతో జీవితాంతం కాపురం చెయ్యమంటారా అన్న ఆక్షేపణ ఉంది. నా వాదనకి ఎదురయ్యే ప్రశ్నల్లో బలమైనది ఇదే. చెయ్యమనను. కొన్న మూడో నాలుగో ఏట గీతలు మరీ కంటికి కొడుతుంటే, మీటరుతో కొలిచి, ముందు అన్నిటికన్నా సన్న పాలిష్‌తో ఒక చిన్న చోట ప్రయత్నించి, దానితో పోయినన్ని గీతలే పోగొట్టుకుని, లోతుగా ఉన్న నాలుగు గీతలను అలాగే వదిలేయగలిగితే అది తెలివైన పాలిష్. ప్రతి గీతా పోవాలన్న పట్టుదలే పూతని తినేస్తుంది. పాత కార్లను ప్రేమించే లోకం ఈ నిజాన్ని ముందే గుర్తించింది. కాలిఫోర్నియాలో 1950 నుంచి జరుగుతున్న పెబుల్ బీచ్ కార్ల ప్రదర్శనలో ఒకప్పుడు అద్దంలా కొత్తగా పెయింట్ చేసిన బండ్లకే పట్టం కట్టేవారు. ఇప్పుడు అక్కడ, ఫ్యాక్టరీ రంగు అలాగే మిగిలిన బండ్లకు విడిగా ఒక విభాగమే ఉంది. అంత దూరం వెళ్లనక్కర్లేదు, మన ఊళ్లో సెకండ్ హ్యాండ్ లగ్జరీ కార్లు కొనే డీలరు కూడా బేరానికి ముందు మీటరు తీసి తలుపు తలుపుకీ ఆనించి చూస్తాడు. రీపెయింట్ తేలిందంటే ధర తెగ్గోస్తాడు.

చివరిగా నీళ్ల మాట. వేసవిలో ట్యాంకర్ల కోసం ఎదురుచూసే నగరాల్లో పైపు పెట్టి కారు కడగమనడం బాధ్యత లేని మాట అవుతుంది. అక్కర్లేదు కూడా. కడగకుండా తుడిచే రిన్స్‌లెస్ షాంపూలు ఒక బకెట్ నీళ్లతో పని కానిస్తాయి. వారానికి ఒకసారి శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డలు అయిదారు పెట్టుకుని, ఒక్కో భాగానికి ఒక్కో గుడ్డ మార్చి, ఒత్తకుండా తుడిస్తే సరిపోతుంది. మిగతా ఆరు రోజులూ దుమ్ము ఉంటే ఉండనివ్వండి. ముట్టుకోనంత సేపు దుమ్ము పూతని ఏమీ చెయ్యదు.

కాబట్టి రేపే చెయ్యదగ్గ పనులు రెండు చెప్పి సెలవు తీసుకుంటాను. బండి తుడిచే అబ్బాయికి పొడిగుడ్డతో దులపొద్దని చెప్పి, అరడజను మంచి గుడ్డలు మీరే కొనివ్వండి. ఈసారి సర్వీసుకి ఇచ్చినప్పుడు జాబ్ కార్డు మీద సంతకం పెట్టే ముందు ఒకసారి చదవండి. అడగకుండానే రబ్బింగ్, పాలిష్ అని రాసి ఉంటే కొట్టేయించండి, వ్యాక్స్ ఒక్కటి ఉంచండి.